ఇంటాయన జీతం ఆగిపోయినప్పుడు: ఇంటి లెక్క నిలబెట్టుకోవడం ఎలా

మా ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైన రెండో నెలలో కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడినతను మంచివాడే. "మేడమ్, సార్ ఇక డ్యూటీకి రాలేరు కదా. ఒక రిజిగ్నేషన్ లెటర్ పెట్టించేయండి, సెటిల్‌మెంట్ త్వరగా చేయిస్తాను" అన్నాడు. డబ్బు త్వరగా వస్తుందనే మాట తప్ప నాకు ఇంకేమీ వినపడలేదు. వాట్సాప్‌లో వచ్చిన లెటర్‌ను ప్రింటు తీయించి డయాలసిస్ సెంటర్‌కే పట్టుకెళ్లాను. ఆయనకు ఎడమ చేతికి సూదులు, కుడి చేతిలో పెన్ను. పక్క మంచం మీదున్న పెద్దాయన, ఎక్కడో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి, "ఏం కాగితమమ్మా అది?" అని అడిగి చదివారు. "ఇవాళ పెట్టించకు. ముందు ఆ ఆఫీసులో మీకు రావలసినవి ఏమేం ఉన్నాయో రాయించుకో" అన్నారు.

ఆ కాగితం మేం ఇచ్చింది ఐదు నెలల తర్వాత. ఈలోగా చేసుకున్న పనుల వల్లే ఇల్లు నిలబడింది. డబ్బు తక్కువైన చాలా ఇళ్లను చూశాను. వాళ్లలో ఎక్కువమంది నష్టపోయింది డబ్బు లేక కాదు, పనులు ముందు వెనకలుగా చేయడం వల్ల. కొన్ని పనులు పేరు ఉద్యోగుల జాబితాలో, అంటే కంపెనీ రోల్స్‌లో ఉన్నంతవరకే అవుతాయి. కొన్ని, మనిషి సంతకం పెట్టగలిగినంతవరకే. అందుకే కింద రాసినవాటిని వరుసలోనే చదవండి. మంచాన పడింది భార్య అయినా దారి ఇదే.

1. రాజీనామా ఆపండి, రావలసినవి రాయించుకోండి

జబ్బు సంగతి తెలియగానే సెలవు పెట్టించండి. ఉన్న సెలవులు అయిపోతే జీతం లేని సెలవు కోరుతూ, డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి, ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో మాట్లాడినదానికి రుజువు ఉండదు. అదే ఈమెయిల్‌లో ఇవి కూడా అడగాలి: మిగిలిన సెలవులు ఎన్ని, వాటికి డబ్బు ఇస్తారా, కంపెనీ ఆరోగ్య బీమా ఏ తేదీ వరకు ఉంటుంది, కంపెనీ తరఫున జీవిత బీమా ఉందా, గ్రాట్యుటీ (సర్వీసును బట్టి ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) ఎంత, పీఎఫ్‌లో చివరి జమ ఏ నెలది.

వీటిలో ఎక్కువమందికి తెలియనిది పీఎఫ్‌తోపాటు వచ్చే ఈడీఎల్ఐ బీమా. దీనికి ఉద్యోగి ఒక్క రూపాయి కట్టడు, కంపెనీయే కడుతుంది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. సెలవులో ఉన్నా సరే, పేరు రోల్స్‌లో ఉండి, చివరి పీఎఫ్ జమ అయిన 6 నెలల లోపు అయితే వర్తిస్తుంది. రాజీనామా చేసి పేరు ఆ జాబితాలోంచి పోయిన మర్నాటి నుంచి ఈ రక్షణ ఉండదు. ఇది రాయడానికి నాకు చేతులు రాలేదు, మీకు చదవడానికీ అలాగే ఉంటుంది. కానీ లెక్కలో ఇది కూడా ఉండాలి.

గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు కావాలని అందరూ చెబుతారు. జబ్బు వల్ల పని చేయలేని స్థితి వచ్చి ఉద్యోగం పోతే ఆ ఐదేళ్ల నిబంధన లేదు. లెక్క కష్టమేమీ కాదు: చివరి బేసిక్, డీఏలను 26తో భాగించి, 15తో హెచ్చవేసి, సర్వీసు సంవత్సరాలతో మళ్లీ హెచ్చవేయాలి. బేసిక్ 18,000, సర్వీసు 11 ఏళ్లు అనుకుంటే 1,14,231 రూపాయలు. కంపెనీవాళ్లు చెప్పిన అంకె దీనికంటే తక్కువగా ఉంటే ఎందుకో అడగండి.

పీఎఫ్‌తో ఉండే పెన్షన్ పథకంలో వైకల్య పెన్షన్ కూడా ఉంది. ఉద్యోగంలో ఉండగానే, తాను చేస్తున్న పనికి శాశ్వతంగా, పూర్తిగా అశక్తుడైతే పదేళ్ల సర్వీసు లేకపోయినా నెలనెలా పెన్షన్ వస్తుంది. మెడికల్ బోర్డు పరీక్ష ఉంటుంది. తొందరపడి పెన్షన్ సొమ్మును ఒకేసారి విత్‌డ్రా చేశారంటే ఆ తలుపు మూసుకున్నట్లే.

జీతం నెలకు 21,000 లోపు ఉండి ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) చందా కట్ అవుతుంటే మీ దారి వేరు, ఒకరకంగా మెరుగు. మామూలు అనారోగ్యానికి జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. క్యాన్సర్, క్షయ, పక్షవాతం లాంటి దీర్ఘకాల జబ్బుల జాబితా ఒకటి ఉంది. రెండేళ్ల సర్వీసు, తగినన్ని రోజుల చందా ఉంటే ఆ జబ్బులకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా వస్తుంది. దీనికి ఈఎస్ఐ డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్టే చెల్లుతుంది. ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుంటున్నామని ఈఎస్ఐ డిస్పెన్సరీ వైపు వెళ్లని వాళ్లు ఈ డబ్బును చేజేతులా వదులుకుంటున్నారు.

ప్రభుత్వ ఉద్యోగులకు అర్ధవేతన సెలవు, ఈహెచ్ఎస్ అనే ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంటాయి. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం నుంచి తీసేయకూడదని, చేయగలిగిన మరో పోస్టుకు అదే జీతంతో మార్చాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ఎవరైనా ఒత్తిడి చేస్తే యూనియన్ వాళ్లతో మాట్లాడకుండా సంతకం చేయొద్దు.

చివరికి రాజీనామా ఇవ్వక తప్పని రోజు వస్తుంది. ఆ లెటర్‌లో "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాయకండి. "అనారోగ్యం వల్ల విధులు నిర్వర్తించలేక" అని రాయండి, మెడికల్ సర్టిఫికెట్ జతచేయండి. కంపెనీవాళ్లు మాకు పంపిన లెటర్‌లో వ్యక్తిగత కారణాలనే ఉంది. ఐదేళ్లు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడుతుంది, కానీ అనారోగ్యం వల్ల ఉద్యోగం పోయినవారికి ఆ పన్ను లేదు. గ్రాట్యుటీ మినహాయింపుకైనా, వైకల్య పెన్షన్‌కైనా మొదటి ఆధారం ఆ వాక్యమే.

2. చేయి ఆడుతుండగానే సంతకాలు

మా ఇంట్లో ఇది గొడవతో మొదలైంది. బ్యాంకు ఖాతాలకు నామినీ మార్పించాలని నేనంటే మా అత్తయ్య "మనిషి కళ్లెదుట ఉండగా ఇవేం మాటలే" అని ఏడ్చేసింది. నేను చేసిన పనల్లా, నా ఖాతాకు, నా పాలసీకి కూడా అదే రోజు నామినీ పేర్లు రాయించడం. "నాకూ రాయించుకున్నానత్తయ్యా, నేనేం పోవడం లేదుగా" అన్నాను. ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు.

మొదట ఖాతాను జాయింట్ చేయించండి, 'ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు' అనే పద్ధతిలో. నామినీ ఉన్నంత మాత్రాన బతికుండగా డబ్బు తీయలేం. జాయింట్ ఖాతాకు, నామినీకి తేడా అదే. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. పీఎఫ్ ఈ-నామినేషన్, ఎల్ఐసీ, పోస్టాఫీసు ఖాతాలు, షేర్లు దాచే డీమ్యాట్ ఖాతా ఉంటే అది కూడా చూసుకోండి. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీల్లో నామినీగా తల్లి పేరే ఉండిపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది.

ఆయన ఫోన్ నంబర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగిపోనివ్వకండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి. మా మరిది ఇంట్లో, ఖర్చు తగ్గిద్దామని రీచార్జ్ మానేశారు. నంబర్ పోయింది, ఉన్న పీఎఫ్ ఖాతాలోకి వెళ్లడానికే రెండు నెలలు తిరిగారు.

పక్షవాతం వల్లనో మరే కారణం వల్లనో చేయి ఆడకపోతే? ఆశ వదులుకోవక్కర్లేదు. సంతకం పెట్టలేని, బ్యాంకుకు రాలేని ఖాతాదారు వేలిముద్ర వేయవచ్చు. అదీ వీలుకాకపోతే కాలి వేలిముద్ర కూడా చెల్లుతుందని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు ఉండాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి ఇది తెలియకపోవచ్చు. మేనేజర్ దగ్గరికి వెళ్లి, రాసిచ్చి అడగండి. స్థలం, ఇల్లు రిజిస్ట్రేషన్ విషయంలోనూ అంతే. మంచాన ఉన్న మనిషి ఇంటికే సబ్ రిజిస్ట్రార్ వచ్చి రిజిస్టర్ చేసే వీలు చట్టంలో ఉంది. దానికి వేరే ఫీజు ఉంటుంది.

జీపీఏ (ఆయన తరఫున పనులు చేసే అధికారపత్రం) రాయించుకున్నాం కదా, ఇక భయం లేదని కొందరు అనుకుంటారు. మనిషికి తెలివి ఉన్నంతవరకే దాని బలం. కోమాలోకి వెళ్లినా, ఏం చేస్తున్నాడో తెలియని స్థితి వచ్చినా ఆ కాగితం పనికిరాదు. అప్పుడు సంరక్షకురాలిగా నియమించమని హైకోర్టుకు వెళ్లవలసిందే. బ్రెయిన్ ట్యూమర్, పెద్ద స్ట్రోక్ లాంటివాటిలో జాయింట్ ఖాతా పనిని మొదటి వారంలోనే చేయమని చెప్పేది అందుకే.

3. 'ఎంత ఉంది' కాదు, 'ఎన్ని నెలలు నడుస్తుంది'

ఇప్పుడు పుస్తకం తీయండి. పిల్లల పాత నోట్‌బుక్ చాలు. మా ఇంటి చిట్టా ఇలా ఉండేది. ఆయన జీతం 38,000, ప్రైవేటు స్కూల్లో నా జీతం 14,000, సాయంత్రం ట్యూషన్లు 4,000. ఆయన జీతం ఆగాక మిగిలింది 18,000. ఖర్చులు:

ఇంటి లోన్ ఈఎమ్ఐ 15,500
బియ్యం, సరుకులు, పాలు, కూరగాయలు 7,000
పిల్లల ఫీజులు, నెలకు సగటున 5,500
చీటీ 5,000
మందులు, ఇంజెక్షన్లు 4,800
డయాలసిస్‌కు ఆటో, నెలకు 13 సార్లు, రానుపోను 350 చొప్పున 4,550
కరెంటు, గ్యాస్, ఫోన్లు 2,600
పాలసీల ప్రీమియం, నెలకు సగటున 2,100
రక్త పరీక్షలు 1,500
పెట్రోలు 1,200
అత్తయ్య బీపీ, షుగర్ మందులు 900

మొత్తం 50,650. లోటు 32,650. బ్యాంకులో, ఎఫ్‌డీలో కలిపి ఉన్నది 2,20,000. భాగిస్తే ఆరున్నర నెలలకు కాస్త పైన.

ఆ రాత్రి ఆరున్నర అనే అంకె చూశాక నాకు నిద్ర పట్టలేదు. కానీ దానికి ముందు పట్టిన టెన్షన్ వేరు. అది ఎంతో తెలియని టెన్షన్. ఆరున్నర నెలలంటే దేన్ని ముందు తగ్గించాలో ఆలోచించుకోవచ్చు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మొదట తగ్గించింది పాలు, పండ్లు, కూరగాయలు. నెల తిరిగేసరికి మిగిలింది 900 రూపాయలు. ఇల్లంతా ముఖాలు మాడ్చుకుని తిరగడం తప్ప లాభం లేదు. చిట్టాలో పెద్ద అంకెల మీద పడాలి. మేం పడింది వీటి మీద.

ఆటో. ఇంటికి 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న సెంటర్ నుంచి, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌కు మారాం. ఖాళీ దొరకడానికి ఆరు వారాలు ఆగాం. ట్రిప్పు 120కి దిగింది, నెలకు 2,990 మిగిలింది. సేవలో తేడా మాకైతే కనపడలేదు. కుర్చీలు పాతవి, అంతే.

మందులు. బీపీకి, క్యాల్షియానికి, గ్యాస్‌కు వాడేవి ఏవి జనరిక్‌లో తీసుకోవచ్చో డాక్టర్‌తో మందుల చీటీ మీద టిక్ పెట్టించుకుని జనఔషధి దుకాణానికి వెళ్లాను. కొన్ని లేవు, ఉన్నవాటితోనే నెలకు 1,900 తగ్గింది. డాక్టర్‌కు చెప్పకుండా మాత్రం మందు మార్చకండి.

చీటీ. ఇక్కడ చాలామంది పాట పాడేసి డబ్బు తీసుకుంటారు. చేతికి డబ్బు వస్తుంది నిజమే, కానీ మిగిలిన నెలలన్నీ కట్టాలి. కట్టలేకపోతే జామీను ఉన్న బంధువు మెడకు చుట్టుకుంటుంది. మేం ఎత్తకుండానే మా ఆడపడుచుకు బదిలీ చేశాం. రిజిస్టర్డ్ చిట్‌లో ఎత్తని సభ్యుడు తన హక్కును వేరేవాళ్లకు మార్చుకోవచ్చు. నెలకు 5,000 భారం పోయింది.

ఈఎమ్ఐ సంగతి కింద చెబుతాను, అక్కడ 2,500 తగ్గింది. ముందు గది అద్దెకిచ్చాం, 4,500. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ 2,016. ఇవన్నీ కలిపితే లోటు 13,744కు దిగింది. అదే 2,20,000 ఇప్పుడు పదహారు నెలలు నడుస్తుంది. గ్రాట్యుటీ, పీఎఫ్ ఇంకా ముట్టుకోలేదు.

4. ఆసుపత్రి ఖర్చు ఎవరు భరిస్తారు

కంపెనీ బీమా ఉన్నంతకాలం పెద్ద ఖర్చులన్నీ దాని మీదే వెళ్లాలి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతి రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్ మేం అలాగే చేయించాం. ఉద్యోగం మానేముందే అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశాన్ని రాతపూర్వకంగా అడగండి. మానేశాక అడిగితే వినేవాడుండడు. ప్రీమియం ఎక్కువే ఉంటుంది. కొత్తగా వేరే పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండవచ్చు. జబ్బు దాచి తీసుకున్నారా, క్లెయిమ్ రోజున దొరికిపోతారు, కట్టిన డబ్బు దండగ.

ఆరోగ్యశ్రీ తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది, పరిమితి 25 లక్షలు. హైదరాబాద్‌లో స్థిరపడ్డ గుంటూరువాళ్లు, కర్నూలువాళ్లు చాలామంది ఏ రాష్ట్రం కార్డూ సరిగా లేక రెండింటికీ చెందకుండా పోతారు. రేషన్ కార్డు, ఆధార్ చిరునామా ఒకే రాష్ట్రంలో ఉండేలా ముందు సరిచేసుకోండి. ఆయన జీతం పోయాక ఆదాయం తగ్గింది కాబట్టి ఇంతకుముందు అర్హత లేని రేషన్ కార్డుకు ఇప్పుడు అర్హత రావచ్చు. తెలంగాణలో పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు, పల్లెల్లో లక్షన్నర పరిమితి. జబ్బు మనిషితో తిరుగుతూ ఇది ఎక్కడ చేయించేదని నేను మూడు నెలలు వాయిదా వేశాను. వేయకుండా ఉండవలసింది.

ఆసుపత్రిలో అడుగుపెట్టగానే, అడ్వాన్సు కట్టకముందే, ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్కు ఎక్కడుందో అడగండి. నగదు పేషెంటుగా చేరాక మధ్యలో పథకంలోకి మార్చమంటే చాలాచోట్ల కుదరదంటారు. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయొచ్చు.

పథకంలోకి రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధి. రెండు రకాలు: వైద్యానికి ముందే ఆసుపత్రి పేరున ఇచ్చే హామీ పత్రం (ఎల్ఓసీ), ఖర్చయ్యాక బిల్లుల మీద ఇచ్చే సాయం. ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయడం మామూలు దారి. అసలు బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ అడుగుతారు కాబట్టి ఏ ఒరిజినల్ కాగితమూ జిరాక్సు తీయకుండా ఎవరికీ ఇవ్వకండి. నేనైతే ప్రతి బిల్లునూ అదే రోజు ఫోన్‌లో ఫోటో తీస్తాను. థర్మల్ పేపర్ బిల్లు ఆరు నెలలకే వెలిసిపోతుంది.

పెన్షన్ విషయంలో రాష్ట్రం మారితే లెక్క బాగా మారిపోతుంది. డయాలసిస్ రోగికి తెలంగాణలో నెలకు 2,016, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 10,000. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి అక్కడ 15,000. దివ్యాంగుల పెన్షన్ ఆంధ్రలో 6,000, తెలంగాణలో 4,016. ఈ దివ్యాంగుల పెన్షన్‌కు ప్రభుత్వ డాక్టర్లు ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ (సదరం), సాధారణంగా కనీసం 40 శాతం వైకల్యం కావాలి. మీసేవలోనో సచివాలయంలోనో స్లాట్ తీసుకుని క్యాంపుకు వెళ్లాలి. 2016 చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లీరోసిస్ ఉన్నాయి, కిడ్నీ జబ్బు లేదు. మేం అది తెలియక ఒక రోజంతా లైన్లో నిలబడ్డాం.

క్యాన్సర్‌కు వేరే ఊరు వెళ్లి వైద్యం చేయించుకునేవాళ్లకు రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీలో పేషెంటుకు టికెట్ ఉచితం, వెంట వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే ఫారం కావాలి. ఇంట్లో 70 ఏళ్లు దాటినవారుంటే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డుతో 5 లక్షల దాకా వైద్యం ఉంది. మా అత్తయ్యకు చేయించాం.

ఈ హడావుడిలో ఎవరూ అడగని ప్రశ్న: ఇప్పుడు మీకేమైనా అయితే? ఇంటికి ఆధారం ఇక మీరు. మీకూ పిల్లలకూ విడిగా ఆరోగ్య బీమా తీసుకోండి, ఆయన జబ్బుతో దానికి ముడిపెట్టకండి. కుదిరితే మీ పేరున టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే డబ్బు వచ్చే జీవిత బీమా. అదీ కష్టమైతే బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలతో జీవన జ్యోతి, 20 రూపాయలతో ప్రమాదాలకు సురక్షా బీమా అయినా ఉండాలి. జీవన జ్యోతిలో చేరడానికి 50 ఏళ్ల లోపు ఉండాలి. మే నెలాఖరులో ఈ డబ్బు ఖాతాలోంచి కట్ అవుతుంది, ఆ సమయానికి బ్యాలెన్స్ లేకపోతే బీమా ఆగిపోతుంది. క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

5. అప్పుల దగ్గర వరుస

ఇంటి లోన్ వాయిదా ఒక్కటి కూడా తప్పకముందే బ్యాంకుకు వెళ్లాలి. తప్పి 90 రోజులు దాటితే అది మొండి బాకీ కింద పడుతుంది, తర్వాత వాళ్లు మాట్లాడే తీరు మారిపోతుంది. మాకు మిగిలిన అసలు 14 లక్షలు, మిగిలిన కాలం 12 ఏళ్లు. మెడికల్ కాగితాలు చూపించి కాలాన్ని 17 ఏళ్లకు పెంచమన్నాను. లోన్‌లో నా పేరు కూడా ఉండటం, నాకు 41 ఏళ్లే కావడం కలిసొచ్చాయి. ఈఎమ్ఐ 13,000కు దిగింది. దీనికి మూల్యం ఉంది: మొత్తం మీద నాలుగు లక్షలకు పైగా అదనపు వడ్డీ. తెలిసే ఒప్పుకున్నాను. ఫ్లోటింగ్ వడ్డీ లోన్‌కు ముందుగా కట్టినా జరిమానా ఉండదు, గ్రాట్యుటీ వచ్చాక కొంత కట్టొచ్చు. అదే రోజు లోన్‌తో అంటగట్టిన బీమా ఏమైనా ఉందా అని కూడా అడగండి. లోన్ తీసుకునేటప్పుడు సంతకాలు పెట్టిన కట్టలో అలాంటి పాలసీ ఒకటి ఉండొచ్చు. కొన్నింటిలో తీవ్ర వ్యాధులకు కూడా డబ్బు వస్తుంది.

క్రెడిట్ కార్డు మీద మినిమమ్ కడుతూ పోవడం అన్నిటికంటే ఖరీదైన అప్పు. ఎఫ్‌డీ విరిచైనా అది ముందు తీర్చేయండి. ఫోన్ యాప్‌ల లోన్ల జోలికి అసలు పోవద్దు.

ఊళ్లో చేబదులు అడిగితే "రెండు రూపాయల వడ్డీయేలే" అంటారు. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. మూడంటే 36. వడ్డీని రూపాయల్లో చెప్పినంతకాలం చిన్నదిగానే వినిపిస్తుంది. ప్రామిసరీ నోటు రాసినా, ఖాళీ చెక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. తోడబుట్టినవాళ్లు ఇచ్చిన డబ్బును కూడా తేదీతో సహా పుస్తకంలో రాయండి. మా అన్నయ్య "నా దగ్గరేంటే ఈ రాతలు" అని కోప్పడ్డాడు. వదిన మాత్రం ఏమీ అనలేదు. రాసింది ఆవిడ కోసం కూడా.

బంగారం విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. తిరిగి విడిపించుకునే దారి కనపడకపోతే తాకట్టు కంటే అమ్మేయడమే మేలు. తాకట్టు పెట్టిన గాజులకు రెండేళ్లు వడ్డీ కట్టి, చివరికి వేలంలో పోగొట్టుకున్న ఇల్లు మా వీధిలోనే ఉంది. రెండు మూడు నెలల సర్దుబాటు అయితే బ్యాంకులో గోల్డ్ లోన్ సరే. పొలం, ప్లాటు విషయంలో దీనికి ఉల్టా చెబుతాను. జబ్బు ఇంటివాళ్లని తెలిస్తే కొనేవాడు ధర తొక్కేస్తాడు. అమ్మాలనుకుంటే అవసరం గొంతు దాకా రాకముందే, నెమ్మదిగా అమ్మండి.

6. దాచినవాటిలో ఏది ముందు తీయాలి

సేవింగ్స్, ఆ తర్వాత ఎఫ్‌డీ. పెద్ద ఎఫ్‌డీ ఒక్కటే ఉంటే మొత్తం విరవకుండా దాని మీద లోన్ అడగండి. తర్వాత పీఎఫ్‌లోంచి వైద్యం కోసం అడ్వాన్సు. ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు. పీఎఫ్ వడ్డీ మంచిది, 2024-25కు 8.25 శాతం ఇచ్చారు, అందుకే దాన్ని మొదటే ఊడ్చేయొద్దంటాను. పీపీఎఫ్ ఐదేళ్లు దాటితే ప్రాణాంతక జబ్బుల వైద్యానికి ముందే మూసుకోవచ్చు, వడ్డీలో ఒక శాతం తగ్గిస్తారు. పాప సుకన్య ఖాతాలో ఏడాదికి 250 రూపాయలు వేస్తే చాలు, ఖాతా బతికే ఉంటుంది.

ఎల్ఐసీ లాంటి పాత పాలసీ సరెండర్ చేసే ముందు దాని మీద లోన్ ఎంతొస్తుందో చూడండి. ఆయన పేరున ఉన్న టర్మ్ పాలసీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగకూడదు. ఇంట్లో సిలిండర్ అయిపోయినా సరే దాని ప్రీమియం వెళ్లాలి. ఈ ఆరోగ్యంతో అలాంటిది మళ్లీ ఎవరూ ఇవ్వరు. గడువు దాటాక సాధారణంగా 30 రోజులు, నెలవారీ ప్రీమియంకు 15 రోజులు అదనపు గడువు ఉంటుంది. ఆ తర్వాత పునరుద్ధరించాలంటే ఆరోగ్య పరీక్షలు అడుగుతారు, అక్కడే ఆగిపోతుంది. పాలసీ బాండు వెనక పేజీల్లో తీవ్ర వ్యాధి రైడర్, ప్రీమియం మాఫీ రైడర్ లాంటి అదనపు రక్షణలు ఉన్నాయేమో ఒకసారి చదవండి. ఏజెంటుకు గుర్తుండకపోవచ్చు.

7. పుస్తకం ఎవరి చేతిలో ఉండాలి

ఇరవై ఏళ్లు ఇంటి డబ్బు చూసిన మనిషి దగ్గర్నుంచి ఏటీఎం కార్డు నా పర్సులోకి వచ్చాక, ఆయన మాట్లాడటం తగ్గించేశారు. కూరగాయలకు ఎంతయిందని కూడా అడిగేవారు కాదు. నేనేమో ఆయనకు టెన్షన్ ఎందుకని లోటు సంగతి దాచేదాన్ని. ఇద్దరం ఒకరికొకరం దాస్తూ రెండు నెలలు గడిపాం. పదో తరగతి చదివే మా పెద్దవాడు ఒకరోజు "మనం ఇల్లు అమ్మేస్తున్నామా?" అని అడిగాడు. ఎవరూ చెప్పకపోతే పిల్లలు తమకు తోచింది ఊహించుకుంటారు. ఆ ఆదివారం నలుగురం కూర్చుని పుస్తకం తెరిచాం. చిన్నదానికి కరెంటు మీటర్ రీడింగ్ రాసే పని ఇచ్చాం.

డయాలసిస్‌లో నాలుగు గంటలు ఊరికే పడుకోవాలి. ఎడమ చేయి కదపకూడదు, కుడి చేయి ఖాళీయే. లెక్క ఆయనకు అప్పగించాను. నేను బిల్లులు తెచ్చి ఇస్తాను, ఆయన రాస్తారు, బ్యాంకు మెసేజ్‌లతో సరిచూస్తారు. పోయిన నెలలో ఒక తప్పు పట్టుకున్నారు. ఫ్యాక్టరీ రోజుల్లో తీసుకున్న రెండో సిమ్ పోస్ట్‌పెయిడ్ బిల్లు, నెలనెలా దానంతటదే కట్ అవుతూ ఉంది. 399 రూపాయలు. దాన్ని ఆపించి, పుస్తకంలో ఆ అంకె పక్కన చిన్న అక్షరాలతో రాశారు: మూడు ట్రిప్పుల ఆటో.